నైరుతి ఆఫ్రికాలో కరకుల్ గొఱ్ఱెలు

పశుసంకరము కేవలము శాస్త్రవిషయమని మనము తలఁతుము. మంద పెరుగుటకు ముందు మేఁత భూమి ఎవ్వరి చేతినుండి ఎవ్వరి చేతికి వచ్చెనో చూడవలసి యున్నది.

నేఁడు నమీబియా యనఁబడు దేశము 1884 మొదలు 1915 వఱకు జర్మనుల యేలుబడి యందుండెను. అచ్చటి హెరెరోలకు పశువే సర్వస్వము. మన రైతు ఎద్దును మైల, పుల్ల, కఱ్ఱి యని రంగునుబట్టి పిలిచినట్లే వారి భాషలోను పశువుల రంగులకు, మచ్చలకు పెక్కు పదములు కలవు. 1897లో ముసర వ్యాధి ఆ మందలను తుడిచిపెట్టెను. వలసదారుల అప్పులు భూములను మ్రింగుచుండఁగా 1904 జనవరిలో హెరెరోలు తిరుగఁబడిరి. అక్టోబరు 2న సేనాని ఫాన్ ట్రోథా వారిని నిర్మూలింప నాజ్ఞాపించెను. ఒమహేకె యెడారిలో వేలమంది దప్పికతో మడిసిరి. 1907 శాసనములతో, గవర్నరు అనుమతి లేక ఆఫ్రికావాసి భూమినిగాని పెద్దపశువులనుగాని సంపాదింపరాదయ్యెను. ఏడేండ్లు దాటినవారెల్లరు సంఖ్య గల లోహపుబిళ్ల ధరింపవలసివచ్చెను.

ఆ 1907లోనే మొదటి కరకుల్ గొఱ్ఱెలు, పండ్రెండు మాత్రమే, అచ్చట దిగెను. ఇవి మధ్య ఆసియాలోని బుఖారా ప్రాంతపు జాతి. లైప్‌జిగ్ నగరపు ఉన్నితోళ్ల వర్తకుఁడు పాల్ థోరర్ వీనిని జర్మనీకి రప్పించెను. హాలె విశ్వవిద్యాలయ వ్యవసాయశాఖలో వీనిపై సంకరప్రయోగములు జరిగెను. పద్ధతి సులభమే. కరకుల్ పొట్టేలును స్థానికపు గొఱ్ఱెతో కలిపినచో పిల్లలో సగము రక్తము. ఆ పెంటిపిల్లను మరల శుద్ధమైన పొట్టేలుతో కలిపినచో ముప్పాతిక. ఇట్లు నాలుగైదు తరములలో మంద యంతయు దాదాపు కరకుల్ అగును. విలువ ఉన్నిలో లేదు. పుట్టిన ఒకటి రెండు దినములలోనే పిల్లను వధించి, నిగనిగలాడు చుట్టలుగల తోలును ఐరోపా స్త్రీల అంగీలకు పంపుదురు. తోలు తేలిక, వెల హెచ్చు; కావున నీరు లేని దక్షిణపు బీళ్లలోను వలసవాని క్షేత్రము నిలిచెను. ఎడారికి విలువ తెచ్చితిమని వారు చెప్పుకొనిరి. ఆ యెడారిలో నామాలు తరతరములుగా గొఱ్ఱెలు కాయుచుండిన మాట వారికి గుర్తు లేదు కాఁబోలు! పొట్టేళ్లకు వంశావళులు వ్రాసినవారు కాపరులను బిళ్లపై సంఖ్యలతో నెఱిఁగిరి.

1915లో జర్మనులు పోయి దక్షిణాఫ్రికా వచ్చినను క్షేత్రములు తెల్లవారి యొద్దనే నిలిచెను. కరకుల్ వ్యాపారము మఱింత పెరిగెను.

ఇచట మనకు సంబంధించిన మాట యొకటి. ఒంగోలు, గిర్ మొదలగు భారతీయజాతుల కలయికతో అమెరికాలో పుట్టిన బ్రాహ్మణ్ పశువులు 1954లో నైరుతి ఆఫ్రికాకు చేరినవి. గుండ్లకమ్మ సీమ రక్తము ఆ బీళ్లలో అడుగిడిన నాఁటికిని ఆ మందలను కొని తెచ్చినవారు వలసవారే.