స్టార్టరు మోటారు కథ

ఆవిరియంత్రానికి ఆవిరి అందించగానే అది తనంతట తానే కదులుతుంది. పెట్రోలు ఇంజనుకు ఆ వీలు లేదు. పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమాన్ని అది ముందుగా లోనికి పీల్చుకోవాలి. తరువాత గట్టిగా అదిమిపెట్టాలి. ఆ పైననే విద్యుత్ రవ్వ దానిని మండించి శక్తిని పుట్టిస్తుంది. మొదటి రెండు పనులకు కావలసిన బలం బయటినుంచి రావాలి. మోటారుకారు పుట్టిన తరువాత సుమారు పాతిక సంవత్సరాల పాటు ఆ బలం చాలవరకు మనిషి భుజానిదే.

కారు ముందుభాగాన ఇనుప హాండిలు దూర్చి ఇంజనును త్రిప్పేవారు. పిస్టను పైకంటా రాకముందే రవ్వ పడితే ఇంజను ఒక్కసారిగా వెనుకకు తిరిగి, హాండిలు త్రిప్పేవాని చేతిని కొట్టేది. మణికట్టు విరగడం ఆ రోజుల్లో తెలిసిన ప్రమాదమే. అమెరికాలో కార్ల నిర్మాత బైరన్ కార్టర్ 1908లో మరణించాడు. ఆగిన కారును త్రిప్పబోగా హాండిలు తగిలిన గాయమే అందుకు కారణమని చెప్పుకొంటారు. ఆ కథలోని వివరాలు వివాదాస్పదమైనా, కాడిలాక్ కంపెనీ అధిపతి హెన్రీ లీలండ్ ఈ ప్రమాదాన్ని తొలగించే సాధనం కావాలని పట్టుబట్టిన మాట నిజం.

ఆ పని చార్లెస్ కెటరింగ్‌కు వచ్చింది. ఆయన అంతకుముందు ఓహాయో రాష్ట్రంలోని డేటన్ నగరంలో, దుకాణాల్లో పైకం లెక్కించే యంత్రాలకు విద్యుత్ మోటారు అమర్చాడు. 1909లో ఎడ్వర్డ్ డీడ్స్‌తో కలిసి డెల్కో సంస్థను స్థాపించాడు. ఇంజనును త్రిప్పాలంటే పెద్ద మోటారు, పెద్ద బాటరీ కావాలనీ, అవి కారులో పట్టవనీ నిపుణులు అనేవారు. కెటరింగ్‌కు పైకం యంత్రం వేరొక పాఠం నేర్పింది. రోజంతా పని చేయవలసిన మోటారు పెద్దదిగా ఉండాలి. కొద్ది క్షణాలు మాత్రమే పని చేసేది చిన్నదైనా చాలు. దాని శక్తికి మించిన బరువు వేసినా, వేడెక్కి కాలిపోయే లోపల పని ముగుస్తుంది.

ఈ సూత్రంపై తయారైన స్టార్టరు 1911లో పరీక్షలో నెగ్గి, 1912 సంవత్సరపు కాడిలాక్ కార్లలో వెలువడింది. ఫోర్డ్ కంపెనీ టి మోడలుకు 1919లో చేరింది. హాండిలు త్రిప్పే బలం లేనివారు కూడా, మరొకరి సహాయం లేకుండా కారు నడపడానికి దారి ఏర్పడింది.

స్టార్టరులో సాధారణంగా క్షేత్రపు చుట్లు, ఆర్మేచరు చుట్లు ఒకే వరుసలో కలిపి ఉంటాయి. మోటారు నిశ్చలంగా ఉన్నప్పుడు ఎదురు వోల్టేజి ఉండదు. కనుక విద్యుత్తు వరదలా పారి, త్రిప్పే బలం ఎక్కువగా పుడుతుంది. స్టార్టరు చిన్న పండ్ల చక్రం ఇంజను పెద్ద చక్రాన్ని త్రిప్పుతుంది గనుక ఆ బలం ఎన్నోరెట్లు పెరుగుతుంది.

పాత కార్లలో స్టార్టరు కొన్నిసార్లు బద్ధకంగా మూలుగుతూ తిరుగుతుంది. వెంటనే మోటారును విప్పడం తొందరపాటు. ఓమ్ సూత్రంతో లెక్క వేసి చూడాలి. 6 వోల్టుల కారులో స్టార్టరు 200 ఆంపియర్లు తీసుకొంటున్నదనుకొందాం. త్రుప్పు పట్టిన ఒక అతుకులో నిరోధం 0.01 ఓము మాత్రమే. 200ను 0.01తో గుణిస్తే 2 వోల్టులు. అనగా బాటరీ ఇచ్చే దానిలో మూడవ వంతు అక్కడే నష్టం! ఆ శక్తి 400 వాట్ల వేడిగా మారుతుంది. అందుచేత అతుకు చేతికి వేడిగా తగులుతుంది. అదే సామర్థ్యానికి 12 వోల్టుల కారులో 100 ఆంపియర్లు చాలు. నష్టం 1 వోల్టు, అనగా పన్నెండవ వంతే. 1950ల నడిమి నుంచి అమెరికా కార్లు 12 వోల్టులకు మారడంలోని లాభాలలో ఇది ఒకటి.

పరీక్షకు ముందు గేరు న్యూట్రల్‌లో ఉంచి, చేతిబ్రేకు వేసి, ఇంజను అంటుకోకుండా రవ్వ అందే మార్గం తొలగించాలి. బాటరీ నిండుగా ఉన్నదో లేదో చూసుకొని, ముందుదీపాలు వెలిగించి స్టార్టరు నొక్కాలి. దీపాలు బాగా మసకబారితే బాటరీ బలహీనమై ఉండాలి, లేదా మోటారు గాని ఇంజను గాని బిగుసుకొని ఉండాలి. దీపాలు ఇంచుమించు అలాగే వెలుగుతూ, మోటారు మాత్రం నీరసిస్తే, స్టార్టరుకు పోయే దారిలోనే అడ్డు ఉన్నదని అనుమానించాలి.

దానిని వోల్టుమీటరు పట్టి ఇస్తుంది. స్టార్టరు తిరుగుతుండగా ప్రతి తీగకు, ప్రతి అతుకుకు రెండు కొసల మధ్య వోల్టేజిని కొలవాలి. బాటరీ నుంచి ఇంజను లోహానికి వచ్చే తీగను మరువరాదు. దోషం తరచుగా అక్కడే దాగి ఉంటుంది. మార్గమంతా బాగుంటే అప్పుడు మోటారును విప్పి, అరిగిన బ్రష్‌లను, బేరింగులను చూడాలి.

మీటను కొద్ది సెకన్లకు మించి నొక్కిపట్టరాదు. నడుమ విరామం ఇవ్వాలి. స్టార్టరు చిన్నదిగా ఉండగలిగింది క్షణకాలమే పని చేస్తుంది కనుక. ఎంత తిరిగినా ఇంజను అంటుకోని కారులో మీటను అదే పనిగా నొక్కిపట్టేవాడు కెటరింగ్ లెక్కనే తప్పిస్తున్నాడు. మోటారు కాలిపోవడం దాని ఫలితం.