బిట్రగుంటలో పుట్టి, పాటకు పట్టా ఇప్పించి

మద్రాసు నుంచి బెజవాడకు రైలుదారి కలిసింది 1899లో. ఆ దారిలో నెల్లూరు దాటాక, కావలికి ఇవతల, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉంటుంది బిట్రగుంట. ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డుతో కళకళలాడిన రైల్వే ఊరు. అక్కడ 1901 ఫిబ్రవరి 14న పుట్టిన పిచ్చు సాంబమూర్తి పేరు ఇవాళ ఆ ఊళ్లో ఎందరికి గుర్తుందో చెప్పలేం. దక్షిణాదిన సంగీతం పరీక్షకు కూర్చున్నవాళ్లకు మాత్రం ఆ పేరు తెలియకుండా గడవదు. పరీక్ష ముందురోజు రాత్రి వాళ్లు నిద్ర కాచింది ఆయన పుస్తకాల ముందే.

మనకు ఆయనకు ముందు శాస్త్రం లేదని కాదు. వేంకటమఖి 72 మేళాల లెక్క తేల్చింది 17వ శతాబ్దంలో. 19వ శతాబ్దం చివర తచ్చూరు సింగరాచార్యుల సోదరులు మద్రాసులో తెలుగు లిపిలో సంగీత పాఠ్యపుస్తకాలు వరసగా అచ్చువేశారు. 1904లో సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురంలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ వెలువరించారు. తమిళదేశం నడిబొడ్డున, జమీందారు పోషణలో, అంత లావు పుస్తకం తెలుగు లిపిలో వచ్చింది. కంపితానికీ జారుకూ విడివిడిగా గుర్తులు పెట్టి మరీ అచ్చు వేయించారు. ఆ పని చేసిన కంపోజిటర్ల ఓపికకు ఈనాటికీ దండం పెట్టాలి.

గ్రంథాలున్నాయి, గురువులున్నారు. లేనిదల్లా తరగతి గది. 1857లో పుట్టిన మద్రాసు విశ్వవిద్యాలయానికి సంగీతం చదువుగా కనిపించడానికి డెబ్బై ఏళ్లు దాటాయి. ఈలోగా 1919లోనే విజయనగరంలో గాన పాఠశాల వెలిసింది. చూపులేని చాగంటి గంగరాజు కోసం విజయరామ గజపతి ఆలోచించిన బడి అది. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ ఆచార్యుడు. అయితే అక్కడి చదువు గొంతుకూ వేలికీ సంబంధించింది. లక్షణమూ చరిత్రా విడిగా ఒక చదువు కాగలవని నమ్మి, దానికి సిలబస్ రాసి, పరీక్ష పెట్టే పని మద్రాసులో మొదలైంది.

1927లో మద్రాసు కాంగ్రెస్‌తో పాటు అఖిల భారత సంగీత సభ జరిగింది. మరుసటేడు మ్యూజిక్ అకాడమీ పుట్టింది. ఆ 1928లోనే సాంబమూర్తి క్వీన్ మేరీస్ కాలేజీలో సంగీతం లెక్చరరుగా చేరారు. 1931లో మ్యూనిక్ వెళ్లి పాశ్చాత్య సంగీతం చదివి వచ్చారు. 1937 నుంచి 1961 దాకా మద్రాసు విశ్వవిద్యాలయంలో సంగీత విభాగాన్ని నడిపారు. మద్రాసులో తెలుగు పాట లేని కచేరీ అరుదు కాబట్టి, ఈ విభాగం చరిత్ర మనకు పరాయి ఊరి ముచ్చట కాదు.

ఆయన పాఠం ఎలా ఉండేదో తెలియాలంటే గ్రహభేదం చూడాలి. మోహనంలో ఉన్నవి అయిదే స్వరాలు: స రి గ ప ద. వాటిని కదపకుండా ఆధార షడ్జాన్ని మాత్రం రిషభం మీదికి జరిపితే మధ్యమావతి వినిపిస్తుంది. గాంధారం మీదికి జరిపితే హిందోళం, పంచమం మీదికైతే శుద్ధసావేరి, ధైవతం మీదికైతే శుద్ధధన్యాసి. గురువు దగ్గర పదేళ్లున్న శిష్యుడికి ఇది ఏదో ఒకనాడు చెవికి తట్టేది. సాంబమూర్తి దాన్ని నల్లబల్ల మీద పెట్టారు. ‘సౌత్ ఇండియన్ మ్యూజిక్’ ఆరు సంపుటాలూ ఈ పద్ధతిలోనే నడుస్తాయి: మెట్టు తర్వాత మెట్టు. గీతం, స్వరజతి, వర్ణం, కృతి, పదం, జావళి, ఒక్కోదాని అంగాలు విప్పి చూపిస్తాయి. త్యాగరాజు ‘నౌకాచరిత్రము’ను స్వరంతో 1939లో ప్రచురించారు. తంజావూరు ఏలిన మరాఠా రాజు షాహజీ రాసిన తెలుగు గేయనాటకం ‘పల్లకీ సేవా ప్రబంధం’ కూడా ఆయన చలవతోనే వెలుగు చూసింది. ఇక దక్షిణ భారత సంగీత నిఘంటువు. తొలి సంపుటం 1952లో, మూడవది 1971లో వచ్చాయి. 1973 అక్టోబర్‌లో ఆయన కన్నుమూసేనాటికి అది అక్షరక్రమం చివరిదాకా చేరనేలేదు. చివరి మూడేళ్లలో పద్మభూషణ్, సంగీత కళానిధి వెంటవెంటనే వచ్చాయి.

   

మద్రాసు విశ్వవిద్యాలయ సంగీత విభాగం సాధించింది చిన్నదేమీ కాదు. అక్కడ పరిశోధన చేసిన ఎస్. సీత తంజావూరు సంగీత చరిత్ర మీద రాసిన గ్రంథాన్ని నేటికీ అందరూ తిరగేస్తున్నారు. సాంబమూర్తి తర్వాత అక్కడ బాధ్యత తీసుకున్న వేణు విద్వాంసుడు టి. విశ్వనాథన్ ఆపైన అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పారు. సాంబమూర్తి కూడా విశ్రాంతి తీసుకోలేదు, 1964 నుంచి రెండేళ్లు తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆచార్యత్వం చేశారు.

అయితే ఒక లోటు. ఇలాంటి విభాగాల నుంచి చరిత్రకారులు వచ్చారు, అధ్యాపకులు వచ్చారు, గాయకులూ కొందరు వచ్చారు. వాగ్గేయకారులు రాలేదు. కృతి అంగాలు కంఠతా వచ్చిన విద్యార్థిని కొత్త పల్లవికి వరస కట్టమని అడిగే ప్రశ్నపత్రం అరుదు. రచన నేర్పితే వచ్చేది కాదని పెద్దలకు గట్టి నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. వరస కట్టడం నేర్చుకోవచ్చని చూపినవాళ్లు తిరుపతిలోనే ఉండేవారు. అన్నమయ్య రాగిరేకుల మీద రాగం పేరుంది, స్వరం లేదు. 1949 ప్రాంతంలో తిరుపతి చేరిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వాటిలో నూరు పైచిలుకు పాటలకు స్వరం కట్టారు. తర్వాత నేదునూరి కృష్ణమూర్తి మరికొన్నింటికి వరసలు కూర్చారు. ఆ పనికి లక్షణమూ కావాలి, సాహసమూ కావాలి.

నెల్లూరు ఊరి వరకే చూసుకుంటే ఇంకో సాంబమూర్తి ఉండేవారు. శ్రీపతి పండితారాధ్యుల సాంబమూర్తి హరికథకులు. పట్టా లేదు, సిలబస్ లేదు. ఊళ్లో ఏటేటా త్యాగరాజ ఆరాధన జరిపించారు. శాస్త్రీయంగా శిక్షణ లేకుండానే ఆయన కొడుకు బాలసుబ్రహ్మణ్యం ‘శంకరాభరణం’ పాడారు, 1977లో ‘కన్యాకుమారి’ మొదలుకొని సినిమాలకు సంగీతమూ కూర్చారు. 2020లో ఆయన పోయాక నెల్లూరు ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు ఆయన పేరు పెట్టారు. అక్కడ సరళీ వరసలు దిద్దే పిల్లలకు సంగీతంలో ఎం.ఏ. అంటే మొదట తోచేది తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం. అది మహిళలకే. మరి మగపిల్లలో?

బిట్రగుంట సాంబమూర్తి పుస్తకం నేర్పే లక్షణం, ఆ హరికథకుడి ఇంట్లో చెవితో అబ్బిన ధోరణి, రెండూ ఒకే తరగతిలో కలిస్తే ఏమవుతుందో ఈ తీరంలో ఇంకా ఎవరూ చూడలేదు. పెద్ద ఖర్చేమీ కాదు. వరస కట్టని అన్నమయ్య పాటలు ఇంకా వేలల్లో ఉన్నాయి. పరీక్షలో ఒక్కో విద్యార్థికి ఒక్కోటి ఇచ్చి, రాగిరేకు మీద ఉన్న రాగంలోనే స్వరం కట్టి పాడమంటే సరి.