తెరచాప ఎత్తే చేప

ఒరే, మంటలో ఇంకో రెండు పుల్లలెయ్యి. పొద్దున్న హార్బర్‌లో చూసొచ్చిన చేపని కొమ్ముకోనాం అంటావేటి? ముక్కు పొడుగ్గా ఉన్న ప్రతిదీ కొమ్ముకోనాం అయిపోదు. నువ్వు చూసింది నెమలికోనాం. పుస్తకాల్లో సెయిల్‌ఫిష్ అని ఉంటుంది. ఈ రెండింటికీ తేడా తెలీకుండా మన పేటలో పిల్లలు పెరగడం నాకు నచ్చదు. అందుకే చెప్తున్నాను, వినండి.

ముందు వీపు చూడాలి. నెమలికోనానికి తల వెనక మొదలై దాదాపు వీపు పొడుగునా సాగే పెద్ద రెక్క ఉంటుంది. చేప ఒళ్లు ఎంత మందమో దానికి మించిన ఎత్తు లేస్తుంది. ముదురు నీలం, దాని మీద నల్ల చుక్కలు. కొమ్ముకోనానికి, అదే మార్లిన్‌కి, ముందు కొస మాత్రం లేచి, అక్కణ్నుంచి రెక్క దిగిపోతుంది. అయితే చచ్చిన చేపకి ఈ రెక్క వీపు మీది గాడిలోకి దిగి కనపడకుండా పోతుంది. బేరగాళ్లు కూడా తికమక పడేది అక్కడే. అప్పుడు చేపని తిరగేసి పొట్ట కింద చూడండి. నెమలికోనానికి అక్కడ రెండు సన్నటి రెక్కలు చాలా పొడుగ్గా వెనక్కి సాగి ఉంటాయి. మార్లిన్‌కి అవి పొట్టి. స్వోర్డ్‌ఫిష్‌కైతే అసలు ఉండవు, దాని ముక్కు కూడా బల్లపరుపుగా ఉంటుంది. నల్ల మార్లిన్ని గుర్తుపట్టడం ఇంకా సులువు. దాని పక్క రెక్కలు బిగుసుకుని ఉంటాయి, నువ్వెంత నొక్కినా ఒంటికి ముడుచుకోవు.

ఇంకోటి, నెమలికోనానికి ఒంటి పక్కన లేత నీలం చుక్కలు నిలువు వరసలుగా ఉంటాయి. సుమారు ఇరవై వరసలు. అవి చూడాలంటే మాత్రం చేప పడవలోకి వచ్చిన క్షణంలోనే చూడాలి. ప్రాణం పోతుంటే నిమిషాల మీద ఆ నీలం బూడిదరంగయిపోతుంది. హార్బర్ గచ్చు మీద చూసినోడికి ఆ రంగు దక్కదు.

మా నాన్నతో తెప్ప మీద వెళ్లే రోజుల్లో ఇంజన్లు లేవు. గాలి చూసుకుని తెరచాప కట్టడం, ఒడ్డున డాల్ఫిన్స్ నోస్ కొండ ఎంత చిన్నగా కనపడుతుందో చూసి దూరం లెక్కేసుకోవడం. అడుగున ఎన్ని బారల నీళ్లున్నాయో పెద్దోళ్లు నీటి రంగు చూసి చెప్పేవాళ్లు. పచ్చ నీళ్లు దాటి నీలం నీళ్లు తగిలాక ఈ చేప కనపడేది. దానికి వెచ్చటి పైనీళ్లే ఇష్టం. వేట కోసం అప్పుడప్పుడు లోతుకి దిగినా మళ్లీ పైకే వస్తుంది. మార్లిన్ల కంటే ఇది ఒడ్డు వైపుకి ఎక్కువ వస్తుంది. కవళ్లు, నెత్తళ్లు, కానాగంతలు గుంపులు కట్టిన చోటికి ఇదీ వస్తుంది. స్క్విడ్‌లనీ వదలదు.

నీళ్ల మీద ఆ రెక్క లేచి కనపడితే, మనలాగే గాలికి తెరచాప ఎత్తింది అనేవాళ్లు పెద్దోళ్లు. దాని అసలు పని గాలితో కాదురా. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన నా మేనల్లుడు ఒక వీడియో చూపించాడు. మెక్సికోలో ఇస్లా ముహేరెస్ అనే దీవి ఉంది. ఆ దగ్గర సముద్రంలో దిగి తీశారు. నెమలికోనాలు పదో ఇరవయ్యో కలిసి కవళ్ల గుంపుని చుట్టేశాయి. ఒక్కోటీ వంతు వచ్చినప్పుడు ముందుకొస్తుంది. దగ్గరకొచ్చి రెక్క పూర్తిగా ఎత్తేస్తుంది. అలగ ఎత్తితే తల ఊగకుండా నిలుస్తుందట. అప్పుడు ముక్కుని మెల్లగా గుంపులోకి దూరుస్తుంది. కవళ్లకి అది వచ్చినట్టే తెలీదు. ఒక్కసారిగా పక్కకి విదిలిస్తుంది, చేపలు పొలుసులు రాలి చెల్లాచెదురైపోతాయి. ఆ వేళకి దాని ఒళ్లంతా రంగు మారి చారలు మెరుస్తాయి. ఎన్నేళ్లు వేటాడినా పైనుంచి చూసే మాకు ఇదేదీ తెలీలేదు.

నాలుగు దాడుల్లో దొరికేది ఒక్కటేనట. కానీ దెబ్బ తగలని దాడి దాదాపు ఉండదు. గాయపడ్డ కవళ్లు నీరసపడి వెనకపడతాయి, ఆ తర్వాత ఎవరి వంతైతే వాళ్లకి చిక్కుతాయి. ఒకటి కొట్టిన దెబ్బ ఇంకోదానికి కూడు పెడుతుంది. నాకు ఈ చేప మీద గౌరవం కలిగింది ఇందుకే. ఇంకో విడ్డూరం, మనుషుల్లో కుడిచేతివాటం, ఎడమచేతివాటం ఉన్నట్టు దీనిక్కూడా ఉంది. ఒక్కో చేప ఒక్కో పక్కకే ఎక్కువ కొడుతుంది. ఆ ముక్కు మీద వేలు పెట్టి రాసి చూడండి, సానరాయిలా గరగరలాడుతుంది. అవి సన్నటి పళ్లు. వాడకం ఉన్న పక్క అవి అరిగిపోయి ఉంటాయి.

సముద్రంలో అన్నిటికంటే జోరైన చేప అని, గంటకి 110 కిలోమీటర్లు పోతుందని రాస్తారు. ఒంటికి పరికరాలు కట్టి చూస్తే 30, 35 దగ్గరే ఆగింది. అయినా గేలానికి తగిలినప్పుడు అది లాగే లాగుడికి తాడు అరచెయ్యి కోసేస్తుంది. దీన్ని పడవలోకి ఎక్కించేటప్పుడు ముక్కుకి ఎదురుగా నిలబడొద్దు. 2022లో పరవాడ వైపు ఒక మత్స్యకారుడు కొమ్ముకోనాం పొడిచే చనిపోయాడు. నెమలికోనాం దానికంటే సన్నం, చిన్నది, కానీ ఆ ముక్కు ముక్కే. తాడు ఒకడు పట్టాలి, ఇంకొకడు పక్క నుంచి రావాలి. అదుపులోకి రాకపోతే తాడు కోసెయ్యండి, పోతే పోనీ.

పెద్దది మూడు మీటర్లు దాటుతుంది, బరువు నూరు కేజీల దాకా ఉంటుంది. ఆడదే పెద్దది. గుడ్లు లక్షల్లో పెడుతుంది, నీళ్లలో వదిలేసి తన దారిన తను పోతుంది. పుట్టినప్పుడు పిల్లకి ఆ ముక్కూ ఉండదు, ఆ రెక్కా ఉండదు. ఒకసారి మా వలలో జానెడు పిల్ల పడింది. అప్పటికే బుల్లి ముక్కు, వీపు మీద నీలం రెక్క వచ్చేశాయి. బేగి వల విడదీసి నీళ్లలో వేసేయమన్నాడు మా నాన్న. ఏడాది తిరక్కుండా అది నాలుగడుగులు అవుతుంది.