రెండు గడియారాలు

1760లో డేనియల్ బెర్నూలీ పారిస్ విజ్ఞాన అకాడమీ ముందు ఒక లెక్క ఉంచాడు. మశూచి పొక్కులోని రసిని ఆరోగ్యవంతుల చర్మంలోకి ఎక్కించి, రోగాన్ని ముందుగానే తేలికగా రప్పించే పద్ధతిపై ఐరోపాలో వాదం నడుస్తున్న కాలమది. మశూచే లేకుంటే సగటు ఆయుర్దాయం 26 సంవత్సరాల 7 నెలల నుంచి 29 సంవత్సరాల 9 నెలలకు పెరుగుతుందని ఆయన తేల్చాడు. ఇందుకోసం, ఇంకా సోకనివారిలో ఏటా ఎనిమిదింట ఒకరికి మశూచి వస్తుందనీ, వచ్చినవారిలో ఎనిమిదింట ఒకరు పోతారనీ అన్ని వయసులకూ ఒకే కొలత పెట్టాడు. దాలంబేర్ దాన్నే ఆక్షేపించాడు. పసిబిడ్డకూ పెద్దవాడికీ ప్రమాదం ఒక్కటెలా అవుతుంది? ముసలితనంలో కలిసొచ్చే మూడేళ్లు, ఈ నెలలోనే ఎదురయ్యే ప్రాణగండానికి సరితూగుతాయా?

వయసును లెక్కలో సరిగా ఇమిడ్చిన సమీకరణం రావడానికి నూట అరవై ఏళ్లకు పైగా పట్టింది. దాన్ని రాసినవాడు ఏ. జి. మెకెండ్రిక్ అనే వైద్యుడు. 1897లో సికిందరాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రోనాల్డ్ రాస్ వెంట సియెర్రా లియోన్ వెళ్లినవాడు. ఇండియన్ మెడికల్ సర్వీసులో, కసౌలీ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసి, ఆరోగ్యం చెడి ఎడిన్‌బరో చేరినవాడు. 1926 నాటి వ్యాసంలో ఆయన జనాభాను రెండు గడియారాలతో కొలిచాడు. ఒకటి అందరికీ ఉమ్మడిగా నడిచే కాలం. రెండోది ప్రతి మనిషికీ పుట్టుకతో మొదలయ్యే వయసు.

ఆ రెండో గడియారాన్ని మరిస్తే ఏమవుతుందో గ్రీసు చవిచూసింది. రుబెల్లా పిల్లలకు చిన్న జ్వరమే. తొలి నెలల గర్భిణికి సోకితే బిడ్డ చూపును, వినికిడిని, గుండెను దెబ్బతీస్తుంది. 1975 ప్రాంతంలో అక్కడ పసివాళ్లకు టీకా మొదలైంది కానీ 1980లలో సగం మందికైనా అందలేదు. క్రిమి సంచారం తగ్గడంతో టీకా పడని పిల్లలు చిన్ననాట తప్పించుకున్నారు. రక్షణ లేకుండానే కాన్పుల వయసుకు వచ్చారు. 1993లో వ్యాధి వారిని పట్టుకుంది. ఆ తర్వాత పుట్టిన 25 మంది శిశువుల్లో పుట్టుకతో వచ్చిన రుబెల్లా నిర్ధారణ అయింది. తప్పు టీకాది కాదు, సగంలో ఆగడానిది.

2017లో భారతదేశం తట్టు-రుబెల్లా టీకా ఉద్యమం మొదలుపెట్టినప్పుడు తొమ్మిది నెలల పసివాళ్లతో ఆగలేదు. పదిహేనేళ్లలోపు పిల్లలందరికీ వేయ సంకల్పించింది. బడి వరండాలో జబ్బ చాచి నిలబడిన ఎనిమిదో తరగతి పిల్లకు ఆ సూది ఎందుకో తెలిసి ఉండదు. అది ఆమె కోసం ఎంతో, పదేళ్ల తరువాత ఆమె కనబోయే బిడ్డ కోసమూ అంతే.