మేడ్చల్ బాట, థగ్గుల రుమాలు

మేడ్చల్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీల వరస తెగదు. పాతవాళ్ల నోట ఇది నాగపూర్ రోడ్డు. రెండు వందల ఏళ్ల కిందట హైదరాబాదు నుంచి ఉత్తరాదికి కాలినడకన, ఎడ్లబండ్ల మీద పోయే దారి ఇదే. ఒంటరి ప్రయాణమంటే భయం, తోడు దొరికితే ధైర్యం. ఒక్కోసారి ఆ తోడే ప్రాణం తీసేది.

ఆ భయాన్ని నవలగా మలిచినవాడు నిజాం కొలువులోనే పనిచేశాడు. ఫిలిప్ మెడోస్ టేలర్ 1824లో, పదహారేళ్ల వయసులో నిజాం సైన్యంలో చేరాడు. బాటసారుల్ని నమ్మించి చంపి దోచుకునే ముఠాలవాళ్లే థగ్గులు. తర్వాత పట్టుబడ్డ థగ్గుల వాంగ్మూలాలు రాసుకున్నాడు. 1839లో ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’ లండన్‌లో అచ్చయింది.

థగ్గుల పని తీరు వింటే ఒళ్లు జలదరిస్తుంది. బాటసారులతో కలిసి రోజుల తరబడి నడుస్తారు, కబుర్లు చెబుతారు, ఒకచోటే వండుకు తింటారు. గొయ్యి ముందే తవ్వి ఉంటుంది. ‘తమాకు లావో’ అని నాయకుడు పొగాకు అడుగుతాడు. అదే సైగ. వెనకున్నవాడి రుమాలు మెడకు బిగుస్తుంది.

కథ చెప్పేది హంతకుడు అమీర్ అలీయే కాబట్టి నేరం ఎవరిదో మొదట్లోనే తెలుసు. అయినా పుస్తకం కింద పెట్టలేం. అతని తల్లిదండ్రుల్ని చంపింది థగ్గులే, అతన్ని ముద్దుగా పెంచుకున్నదీ వాళ్లే. చివరికి ఎవరో తెలియక సొంత చెల్లెల్నే చంపుతాడు. పాతకాలపు నేరకథ నన్ను పట్టేసేది ఇక్కడే. వేలిముద్రలు లేవు, ఫోన్లు లేవు. మనిషి ఊరు దాటితే కబురుకు నెలలు పట్టేది. రాకపోతే పులి తిన్నదో, జ్వరం తగిలిందో అనుకోవాల్సిందే. ఒక్క హత్య వెంట ఆ కాలమంతా కదిలి వస్తుంది.

టేలర్ చూపు దొరల చూపే. ఈస్టిండియా కంపెనీ అధికారులు థగ్గుల సంగతి పెంచి చెప్పారనే చరిత్రకారులూ ఉన్నారు. పైగా అప్రూవర్‌గా మారినవాడు ప్రాణం దక్కించుకోవడానికి ఏమైనా చెబుతాడు. నవలాకారుడికి ఆ అనుమానమే పెట్టుబడి.

ఇటలీ రచయిత ఉంబెర్టో ఎకో 1327 నాటి మఠంలో హత్యలు నడిపి, 1980లో అచ్చయిన నవలతో ప్రపంచాన్ని చదివించాడు. మనకు కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ ఉన్నాడు, కానీ ఆయనది తన కాలపు ప్రపంచం. నాగపూర్ బాట మాత్రం తెలుగు నవల కోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. తార్నాక పురాభిలేఖాగారంలో నిజాం కాలపు ఫార్సీ, ఉర్దూ దస్తావేజులున్నాయి. రాసే పిల్లలారా, ఫార్సీ తెలిసినవారిని ఒకరిని వెంటబెట్టుకుని ముందు తార్నాకకు వెళ్లండి.