యతి ఎవరిది, ప్రాస ఎవరిది? (7వ భాగం)



పోయిన భాగం చదివి బెజవాడ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి మెసేజ్ పెట్టాడు. "అన్నా, యతిప్రాసలు పరీక్షలో రెండు మార్కుల కోసం బట్టీ పట్టాం. అదంతా అగ్రహారం సరుకు. మనకెందుకు?" తమ్ముడికి నాలుగు ముక్కల్లో జవాబు రాద్దామని కూర్చుంటే ఇంత అయింది.

తమ్ముడి కోపంలో న్యాయం ఉంది. పాత ఛందోగ్రంథాలు తిరగేయండి, అక్షరాలకు కూడా కులాలు కనిపిస్తాయి. ఇవి బ్రాహ్మణాక్షరాలు, ఇవి క్షత్రియ, ఇవి వైశ్య, ఇవి శూద్ర అని పంచిపెట్టారు. కావ్యం ఏ గణంతో మొదలుపెడితే శుభమో, దేనితో రోగమో కూడా రాశారు. నోట్లోంచి వచ్చే గాలిని కూడా వదిలిపెట్టలేదు మహానుభావులు!

కానీ శబ్దం వేరు, శబ్దానికి కాపలా కూర్చున్నవాళ్లు వేరు. కాపలావాళ్ల మీద కోపంతో శబ్దాన్ని వదిలేస్తే నష్టం మనకే.

అసలు అది ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు. పదో అక్షరం యతిస్థానం. అక్కడి అక్షరం పాదం మొదటి అక్షరంతో మైత్రి చెయ్యాలి. "గ"తో మొదలైతే పదో చోట "గ"యే రానక్కర్లేదు, "క" వచ్చినా "ఘా" వచ్చినా చెల్లుతుంది. ఒకే వర్గం, సరిపడే అచ్చు ఉంటే చాలు. దీన్ని యతిమైత్రి అంటారు. (ఊరికీ వాడకీ మధ్య లేని మైత్రి అక్షరాల మధ్య ఉంది, చూశారా.) ప్రాస మాత్రం మొండిది. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంలో అదే హల్లు ఉండాలి. "గబ్బిలమా" అని ఎత్తుకుంటే మిగతా మూడు పాదాలూ అబ్బ, నిబ్బరం, మబ్బు లాంటి మాటలతోనే లేవాలి. గట్టిగా అని చూడండి. పాదం మొదలైనప్పుడల్లా చెవిలో ఒకే దెబ్బ పడుతుంది.

ఈ దెబ్బ ఎవరికి అవసరం? పుస్తకం ఉన్నవాడికి అంత అవసరం లేదు, మర్చిపోతే పేజీ తిప్పుకుంటాడు. పుస్తకం ముట్టుకోనివ్వని మనిషికే అవసరం. మా తాతకు వేలిముద్ర తప్ప రాదు. తెనాలి చుట్టుపక్కల వరిచేలల్లో బతుకంతా అయిపోయింది. అయినా హరిశ్చంద్ర నాటకం కాటిసీను పద్యాలు తప్పు లేకుండా పాడేవాడు. ఒక పాదం గుర్తొస్తే ప్రాస పట్టుకుని రెండోది వచ్చేది. సగం పాదం దగ్గర ఆగితే యతి అందించేది.

ఆ కాటిసీనులో నటులు పాడే పద్యాల్లో జాషువావి ఉన్నాయి, శ్మశానవాటి ఖండికలోవి. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలోకి అవి ఎంతగా కలిసిపోయాయంటే, చాలామందికి అవి వేరే కవివని కూడా తెలియదు. డి.వి. సుబ్బారావు గొంతులో అవి డెల్టా అంతా తిరిగాయి. జనం వన్స్‌మోర్ కొట్టారు. మా తాత మాత్రం నాటకం చూసింది జనం వెనకాల, విడిగా నిలబడి. ముందు వరసలో కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్న పెద్దమనుషులే తెల్లారి టీకొట్టు దగ్గర మావాళ్లకు వేరే గ్లాసు పెట్టించేవాళ్లు. పద్యం లోపలికి వెళ్లింది, కవి కులం బయటే ఉంది.

జాషువాకు ఇది చిన్నప్పుడే తెలుసు. 1895లో వినుకొండలో పుట్టాడు. అక్కడే ఒక సభలో కొప్పరపు కవులను మెచ్చుకుంటూ పద్యాలు చదివితే, ఇతన్ని సభలోకి ఎవరు రానిచ్చారని అవమానించారు. ఆయన పద్యంలో తప్పు దొరికి కాదు, పుట్టుకలో తప్పు పట్టి. 1915-16లో రాజమండ్రిలో మూకీ సినిమాలకు వాచకుడిగా చేశాడు. తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన నిలబడి కథా మాటలూ చదివే పని. మాట ఎక్కడ సాగాలి, ఎక్కడ తెగాలి అన్నది ఆయన అక్కడ కూడా నేర్చుకుని ఉంటాడని నా నమ్మకం. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర కాళిదాసు మేఘసందేశం చదువుకున్నాడు. దానికి జవాబు 1941లో వచ్చింది. మేఘం స్థానంలో గబ్బిలం. మనిషిని రానివ్వని గుడిలోకి గబ్బిలం వెళ్లగలదు, శివుడి చెవిలో చెప్పగలదు. ఆ ఫిర్యాదును ఆయన యతి తప్పకుండా, ప్రాస తప్పకుండా, వృత్తాల్లోనూ తేటగీతుల్లోనూ రాశాడు. ఇది లొంగిపోవడం అని కొందరు మిత్రులంటారు, నేను ఒప్పుకోను. ఛందస్సు తప్పిందన్న ఒక్క సాకు కూడా వాళ్లకు మిగల్చలేదు ఆయన. చివరికి చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి అంతటి పండితుడు తన చేత్తో జాషువా కాలికి గండపెండేరం తొడిగాడు.

ఆ తర్వాతి తరానికి ఆ సాకుతో పని లేదు. కారంచేడు (1985), చుండూరు (1991) రక్తం చూసినవాళ్లు గణాలు లెక్కపెట్టలేదు. 1995లో వచ్చిన "చిక్కనవుతున్న పాట" సంకలనంలో వచన కవితలే ఎక్కువ. అయితే శబ్దాన్ని వదిలేశారా? లేదు. తిట్టులోని ఒత్తులు, వాడలో మాట్లాడుకునే మాటల విరుపు, పదేపదే తిరిగొచ్చే మాట, వీటితో కొట్టారు.

కలేకూరి ప్రసాద్‌ది కంచికచర్ల. 1968లో దొంగతనం అంటగట్టి కోటేశును సజీవంగా తగలబెట్టిన ఊరు. 2013లో ప్రసాద్ పోయాడు. ఆయన కవిత పేరు మీ అందరికీ తెలుసు, "పిడికెడు ఆత్మగౌరవం కోసం". ఆ పేరొక్కటే పైకి అనండి. పి-డి-కె-డు, నాలుగూ లఘువులే, బిగించిన నాలుగు వేళ్లలాగా. వెంటనే "ఆ" అని నోరు తెరుచుకుంటుంది. ఆ, గౌ, వం, కో, సం, గురువులు పరుచుకుంటాయి. ఏ పండితుడూ పెట్టమన్న లెక్క కాదది.

తమ్ముడూ, ఈ వారం జాషువా పద్యం ఒకటి, కలేకూరి పాట ఒకటి తీసుకో. కళ్లతో కాదు, హాస్టల్ రూమ్‌లో గొంతెత్తి చదువు. ఎక్కడ ఊపిరి తెగిందో పెన్సిల్‌తో గుర్తు పెట్టి నాకు పంపు. వచ్చే భాగం డప్పు దరువు గురించి, నీ గుర్తులతోనే మొదలుపెడతాను.