బాయ్‌కాట్ అనేది ఒక మనిషి పేరు!

సినిమా రిలీజ్ అయితే చాలు, ట్విట్టర్‌లో ఎవరో ఒకరు బాయ్‌కాట్ అని ట్రెండ్ చేస్తారు. నిజానికి అది ఒకాయన ఇంటిపేరు. అది మాటగా మారింది ఐర్లాండ్‌లో, మేయో కౌంటీలోని ద నీల్ అనే చిన్న పల్లెటూరి దగ్గర. గొడవంతా భూమి గురించే.

1880 సంవత్సరం. అక్కడ రైతు దున్నే భూమి రైతుది కాదు. ఊరికి దగ్గర్లో, మాస్క్ సరస్సు పక్కనున్న ఎస్టేట్ లార్డ్ ఎర్న్‌ది. ఆయనకి మొత్తం 40 వేల ఎకరాల పైనే ఉంది, ఆయన ఉండేది మాత్రం వేరే కౌంటీలో. ఇక్కడ కౌలు వసూలు చేసే ఏజెంట్ కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్. పంటలు సరిగ్గా లేవు, కౌలు 25 శాతం తగ్గించమని రైతులు అడిగారు. లార్డ్ 10 శాతమే అన్నాడు. కట్టనివాళ్ళకి ఖాళీ చేయమని నోటీసులు వచ్చాయి. భూమి పోతే ఇల్లు కూడా పోయినట్టే.

అప్పుడు ఊరు ఏం చేసిందో చూడండి. ఆయన్ని కొట్టలేదు, వదిలేసింది. కూలీలు పనిలోకి రాలేదు, కమ్మరి రాలేదు, బట్టలు ఉతికేవాళ్ళు రాలేదు, షాపులవాళ్ళు సరుకు ఇవ్వలేదు. ఆ పంట కోయడానికి అల్‌స్టర్ నుంచి 50 మందిని తెచ్చి, వాళ్ళకి వందల మంది సైనికుల్ని కాపలా పెట్టారు. సుమారు 500 పౌండ్ల పంటకి 10 వేల పౌండ్లు ఖర్చయిందని అంచనా. నవంబర్ చివర్లో బాయ్‌కాట్ ఊరు విడిచి వెళ్ళిపోయాడు.

నాకు ఇక్కడే ఒకటి అనిపించింది. మన ఊళ్ళలో వెలివేయడం అంటే ఎక్కువగా పెద్దకులాలవాళ్ళు దళితుల మీద వాడిన ఆయుధం. ద నీల్‌లో అది రివర్స్ అయింది. భూమి లేనివాళ్ళు, భూమి ఉన్నవాడి మనిషిని వెలివేశారు. అందులో కూలీలు పోగొట్టుకున్నది ఫాలోవర్స్‌ని కాదు, రోజు కూలీని.

కానీ ఆయన వెళ్ళిపోగానే భూమి రైతులకి వచ్చేయలేదు. 1881 చట్టంతో కౌలు ఎంతుండాలో కోర్టులు తేల్చడం మొదలైంది. 1903 విండమ్ చట్టంతో ప్రభుత్వం అప్పు ఇచ్చి, భూస్వాముల దగ్గర భూమి రైతులతో కొనిపించింది. వాయిదాలు అరవై ఎనిమిదిన్నర ఏళ్ళు! అంటే తాత మొదలుపెట్టిన ఈఎంఐ మనవడు కట్టాలి. అయినా కట్టారు, ఎందుకంటే ఈసారి కట్టేది సొంత భూమికి.

వెలి ఒక ఏజెంట్‌ని పంపించగలిగింది. పట్టా మార్చింది మాత్రం చట్టం. కాకపోతే ఆ వెలి లాంటి పోరాటాలు లేకుండా ఆ చట్టం వచ్చేది కాదని నా అభిప్రాయం.

ఈసారి ఊరెళ్ళినప్పుడు మీ తాతయ్యని ఒకటి అడగండి: మన పొలం మనకంటే ముందు ఎవరి పేరు మీద ఉండేది?